కండల నవాజ్ ఆయాసం

తెనాలిలో మా వీధి మొదట్లో నాది సైకిలు షాపు. షాపంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక రేకుల పంచ, ఒక నీళ్ళ తొట్టి, ఒక గాలి పంపు, నేను. నా పేరు లక్ష్మయ్య. ఎదురుగా పరుపుల సైదావలి కొట్టు. ఆయన దూది ఏకుతుంటే ఆ నూగు గాల్లో తేలుతూ వచ్చి నా గ్రీజు చేతులకు అంటుకునేది. రోజూ నేను తిట్టేవాణ్ణి, రోజూ ఆయన నవ్వేవాడు. మా స్నేహం అంతవరకే, కానీ చాలా ఏళ్ళు సాగింది.

నేను చెప్పబోయేది ఆయన కొడుకు నవాజ్ గురించి. నవాజ్ గొప్పవాడేం కాదు. పేపర్లో ఒక్కసారి ఫోటో పడింది, అదీ సగం ముఖమే. ఇప్పటికీ ఆ కొట్లో కూర్చుని పరుపులు కుడుతున్నాడు. ఎవరైనా పలకరిస్తే పలుకుతాడు, లేకపోతే లేదు. ముందు నుంచీ ఇలా ఉండేవాడు కాదు.

తండ్రి బతుకంతా దూదితో గడిస్తే కొడుకు ఇనుము పట్టుకున్నాడు. మా రెండో వీధిలో హనుమాన్ వ్యాయామశాల ఉండేది. దాన్ని నడిపేది మురళీమోహన్ మాస్టారు. గోడకి ఆంజనేయస్వామి పటం, దాని కింద తుప్పు పట్టిన ప్లేట్లు, రాడ్లు, డంబెల్స్. నవాజ్ పదో క్లాసు తప్పిన ఏడాది అందులో చేరాడు. నాలుగైదేళ్ళకే వాడి చొక్కాలు కుట్టే దర్జీ తలపట్టుకున్నాడు. భుజాలకు సరిపోతే నడుము దగ్గర గోనెసంచిలా ఉంటుంది, నడుముకు సరిపోతే భుజం పట్టదు. వీధిలో ఇంకో నవాజ్ కూడా ఉండటం వల్ల వీడికి కండల నవాజ్ అని పేరు స్థిరపడింది.

మురళీమోహన్ మాస్టారికి ఒక సిద్ధాంతం ఉంది. పరుగు కండకి శత్రువు అని. "పరిగెత్తేది గుర్రం, బరువు మోసేది ఏనుగు. నువ్వు ఏనుగువి నవాజ్. ఒంట్లో కండ ఉందంటే అది డిపాజిట్టు లాంటిది, పరిగెత్తి ఖర్చు పెట్టుకుంటావా?" అనేవాడు. నవాజ్‌కి ఆ మాట వేదవాక్కు. ఖురాను తర్వాత అంతటి మాట మాస్టారిదే.

అప్పటి నుంచి వాడు నడవడం మానేశాడు. నిజంగానే చెబుతున్నాను. వీధి చివర టీకొట్టుకి కూడా మోపెడ్డు మీద వెళ్ళేవాడు. నమాజుకి మసీదుకీ మోపెడ్డే. మేడ మీద నీళ్ళ ట్యాంకు చూడాలంటే తండ్రిని పంపేవాడు. ఆ ముసలాయన మెట్లెక్కి, మూత తీసి చూసి, దిగి వచ్చేవాడు. బెంచీ మీద పడుకుని వీధిలో సగం బరువు ఎత్తే మనిషి నాలుగు మెట్లెక్కితే నోటితో గాలి పీల్చేవాడు. నాకు ఒళ్ళు మండేది.

"ఒరే నవాజూ, సైకిలుకి ఇనుమెంత గట్టిదైనా ట్యూబులో గాలి లేకపోతే నడవదురా," అన్నాను ఒకసారి.

"నీకు సైకిళ్ళ సంగతి తెలుసు బాబాయ్. బాడీ సంగతి నీకేం తెలుసు?" అని నవ్వాడు. అప్పట్లో బాగా నవ్వేవాడు.

బాపట్లలో జిల్లా పోటీలు పెడితే వెళ్ళి మూడో బహుమతి తెచ్చాడు. ఒంటికి నూనె రాసుకుని, చిన్న గుడ్డ కట్టుకుని, వేదిక మీద ఊపిరి బిగబట్టి నిలబడిన ఫోటో కొట్లో తగిలించారు. వాళ్ళమ్మ గౌస్ బీ దాన్ని చూసినప్పుడల్లా కొంగు మూతికి అడ్డం పెట్టుకునేది. "పరుపులు కొనడానికి ఆడాళ్ళు వస్తారు కదరా, దీనికో లుంగీ అయినా కట్టు," అనేది. గౌస్ బీది రేపల్లె. చిన్న మనిషి, పెద్ద నోరు. రజాయిల అంచులు కుట్టడంలో ఆమె చెయ్యి తిరిగింది. మాటల్లోనూ అంతే, కుట్టు కనబడనిచ్చేది కాదు.

సైదావలి పోయింది రెండు వేల రెండులో, రోహిణి కార్తెలో. రోళ్ళు పగిలే ఎండ. పొద్దున దూది ఏకుతూ ఏకుతూ ఆ దూది మీదకే ఒరిగిపోయాడు. నిద్రపోయాడనుకుని నేను కాసేపు లేపలేదు కూడా. పోయినవాడి కళ్ళు చారెడేసి అంటారు. నేను అలా పొగడను. సైదావలి మామూలు మనిషి, ఎవరికీ చెడు చేయలేదు, అంతే. ఆ మాత్రం చాలామందికి చెప్పలేం.

వాళ్ళ పద్ధతిలో ఆలస్యం ఉండదు. మధ్యాహ్నం నమాజు కాగానే జనాజా లేచింది. మసీదులో ఇనుప పైపులతో చేయించిన డోలా ఉంటుంది, నాలుగు మూలలా పట్టుకోవడానికి నాలుగు కొమ్ములు. శవాన్ని అందులో ఉంచి నలుగురు భుజాన వేసుకుంటారు. నెమ్మదిగా నడవరు, వడివడిగా నడుస్తారు. దారి పొడవునా జనం వచ్చి భుజం మార్చుకుంటూ ఉంటారు. ఒకడు నాలుగడుగులు మోస్తాడు, వెనకవాడు అందుకుంటాడు, మొదటివాడు పక్కకి తప్పుకుంటాడు. డోలా ఆగదు. భుజం ఇవ్వడం పుణ్యం కాబట్టి ఎవరూ దాన్ని తనకే ఉంచుకోరు. తెలిసినవాళ్ళం మేమూ వెళ్తాం, మేమూ భుజం పడతాం. ఎవరూ కాదనరు.

నవాజ్ ముందు కుడి కొమ్ము పట్టాడు. పట్టినవాడు వదల్లేదు. మొదట వచ్చినతను చెయ్యి చాపితే తల అడ్డంగా ఊపాడు. రెండో అతను వచ్చాడు. "మా నాన్న. నేనే మోస్తా," అన్నాడు. అంత ఒళ్ళున్న మనిషితో ఎవరు వాదిస్తారు? వదిలేశారు. మిగతా మూడు కొమ్ములూ చేతులు మారుతూనే ఉన్నాయి. నేను సైకిలు నడిపించుకుంటూ పక్కనే ఉన్నాను. వాడి మెడ నరాలు కనిపిస్తున్నాయి. బరువుకి కాదు. ఆ డోలా వాడికొక లెక్కా? ఆ నడకకి, ఆ ఎండకి.

కబరస్తాన్ కాలవ అవతల ఉంది. కాలవ మీద వంతెన కాస్త ఎత్తు. వంతెన ఎక్కుతుంటే వాడి నోరు తెరుచుకుంది. సగం ఎక్కాక మోకాళ్ళు వంగాయి. డోలా కుడివైపుకి ఒరిగింది. "అరే, అరే" అని నలుగురు పట్టుకున్నారు. ఎవరో ఆ కొమ్ము అందుకున్నారు. డోలా ఆగకుండా వెళ్ళిపోయింది. నవాజ్ వంతెన గోడ పట్టుకుని కూర్చుని కక్కుకున్నాడు.

జనమంతా దాటిపోయారు. మేమిద్దరమే మిగిలాం. వాడు లేవబోయాడు, కాళ్ళు నిలబడలేదు. "ఎక్కరా," అని సైకిలు చూపించాను. వెనక కారేజీ మీద కూర్చున్నాడు. టైర్లు రెండూ అణిగిపోయాయి. నేను తొక్కాను. మేము చేరేసరికి సైదావలిని లోపలికి దించేశారు, పైన చెక్కలు కూడా పేర్చేశారు. కొడుకుగా దిగి తండ్రిని పట్టుకోవాల్సినవాడు అందరితోపాటు పిడికెడు మట్టి మాత్రం వేశాడు.

ఎవరూ వాణ్ణి ఏమీ అనలేదు. అదే పెద్ద దెబ్బ. అంటే తిట్టొచ్చు, తిరగబడొచ్చు. వాడు ఏడవలేదు. ఆ రోజు కాదు, మూడోరోజు జియారత్‌కి కాదు, నలభయ్యో రోజు ఫాతెహాకి కూడా కాదు. పన్ను పీకించుకున్నాక దవడ మొద్దుబారి ఉంటుంది చూడండి, మనిషంతా అలా అయ్యాడు. ఫోటో గోడ మీంచి తీసేశాడు. ఎందుకు తీశావని గౌస్ బీ అడగలేదు.

ఒకరోజు నా షాపు ముందు మోపెడ్డు ఆపి, దాని తాళం నా చేతిలో పెట్టాడు. "ఎవరికన్నా అమ్మేయ్ బాబాయ్," అన్నాడు. "అమ్మనైనా ఇంటి దగ్గర నుంచి కబరస్తాన్ దాకా నేనే మోస్తాను. మధ్యలో దించను." అంతే అన్నాడు. గౌస్ బీ అప్పటికి గట్టిగానే ఉంది. ఎదురు అరుగు మీద కూర్చుని ఎవరితోనో గొడవ పడుతోంది. బతికున్న తల్లిని చూస్తూనే అన్నాడు ఆ మాట. తాళం తీసుకున్నాను.

మర్నాటి నుంచి తెల్లవారుజాము నమాజు కాగానే కాలవ గట్టు మీద పరుగు మొదలుపెట్టాడు. వాడిది పరుగు కాదు, ఈడ్చుకోవడం. కాస్త దూరం పోయి వంగి నిలబడేవాడు. అయినా మానలేదు. వ్యాయామశాలకి వెళ్ళడం మాత్రం పూర్తిగా మానేశాడు. తిండి తగ్గించాడు. మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. ఆ మొండితనంతో ఏడాది తిరక్కుండా సన్నబడిపోయాడు. ముఖం పీక్కుపోయింది. ఇప్పుడు పరిగెత్తగలడు, కానీ దూది బేలు ఎత్తలేడు. డబుల్‌కాట్ పరుపు చుట్టి బండిలో పెట్టడానికి నన్ను కేకేశాడు. నన్ను! నా బరువే ఒక మంచి సైకిలంత ఉంటుంది.

మురళీమోహన్ మాస్టారు అటుగా వెళ్తూ చూసి, "చెప్పానా? కరిగిపోయింది. మొత్తం కరిగిపోయింది," అని సొంత ఆస్తి పోయినట్టు బాధపడ్డాడు. గౌస్ బీ కొడుకుని చూసి తలబాదుకుంది. "ఎవరు తరుముతున్నార్రా నిన్ను? పోలీసులా?" అంది. నవాజ్ చెమట తుడుచుకున్నాడు.

ఆ ఏడే వాడికి పెళ్ళి చేశారు. పిల్ల ఫర్హానాది బాపట్ల. నెమ్మదైన పిల్ల. పెళ్ళిలో కూడా వాడు పరాయి పెళ్ళికి వచ్చినట్టే కూర్చున్నాడు. నవ్వమని ఫోటోగ్రాఫరు అడిగితే పళ్ళు చూపించాడు. కానీ ఆ సంబంధం వల్ల ఒక మంచి జరిగింది. బాపట్లలో అత్తగారి పక్కింట్లో యోబు మాస్టారు ఉంటారు. హైస్కూల్లో వ్యాయామం చెప్పి రిటైరయిన మనిషి. అల్లుడు అత్తారింటికొచ్చి కూడా పొద్దున్నే పరిగెత్తి రావడం, వచ్చి గుమ్మం దగ్గర కూలబడటం ఆయన చూశాడు. ఈ సంగతులన్నీ తర్వాత నవాజ్ ముక్కలు ముక్కలుగా చెప్పినవే.

"ఏంటయ్యా అల్లుడూ, ఎవరి మీద కోపం?" అని అడిగాడట యోబు.

నవాజ్ చెప్పాడు. వంతెన సంగతి కూడా చెప్పాడు. ఎందుకో ఆయనకి చెప్పగలిగాడు.

"అయితే నీక్కావాల్సింది రెండూనయ్యా. మోసే బలం కావాలి, మోస్తా నడిచే దమ్ము కావాలి. ఒకదాన్ని చంపి ఇంకోదాన్ని పెంచుతానంటే ఎట్టా? అప్పుడు బరువే ఎత్తావు, ఇప్పుడు పరుగే పెడతన్నావు. రెండు సార్లూ తప్పు ఒకటే," అన్నాడట.

తర్వాత ఆయన చెప్పిన పద్ధతి చాలా మామూలుగా ఉంటుంది. బరువులు ఒకరోజు, పరుగు మర్నాడు. బరువు ఎత్తే రోజు తక్కువసార్లు, కానీ గట్టి బరువు. కాళ్ళకి పని చెప్పిన మర్నాడు వడిగా పరిగెత్తకూడదు, నెమ్మదిగా వెళ్ళాలి. పరిగెడుతూ పక్కవాడితో మాట్లాడగలిగితే ఆ వేగం సరైనది, మాట తెగుతుంటే ఎక్కువ అయినట్టు. పరిగెత్తిన రోజు కూడా గుడ్లూ పప్పూ తగ్గించకూడదు. "కండ కరిగేది పరుగుకి కాదయ్యా, కడుపు మాడ్చుకుంటే కరుగుద్ది, నిద్ర చెడితే కరుగుద్ది," అన్నాడట. ఆదివారం మాత్రం సూర్యలంక బీచిలో ఇసక మీద పరుగు, తను దగ్గరుండి చూస్తానన్నాడు.

అలా ఆదివారాలు మొదలయ్యాయి. పొద్దున్నే తెనాలి స్టేషన్‌కి వెళ్ళి బాపట్ల వైపు బండి ఎక్కేవాడు. పొద్దుగూకాక వచ్చేవాడు. మిగతా రోజుల్లో తిరిగి హనుమాన్ వ్యాయామశాలకి కూడా వెళ్ళాడు. మురళీమోహన్ మాస్టారు మొదట ముఖం తిప్పుకున్నాడు. ఒకనాడు నవాజ్ పాత బరువు మళ్ళీ ఎత్తి, దించి, ఎగశ్వాస లేకుండా మంచినీళ్ళు తాగడం చూసి, "ఏనుగు కూడా అవసరమైతే పరిగెత్తుద్దిలే," అని సిద్ధాంతం సవరించుకున్నాడు. గురువులతో ఇదే సుఖం. ఓడిపోయినా గెలిచినట్టే మాట్లాడతారు.

కండ తిరిగి వచ్చింది. పాత కండ కాదు, ఉబ్బినట్టు ఉండేది కాదు. మనిషి బిగువుగా ఉండేవాడు. వారానికొకసారి గోనెసంచిలో ఇసక నింపి కుడి భుజాన వేసుకుని, కాలవ గట్టు మీద వడివడిగా వంతెన దాటి కబరస్తాన్ గేటు దాకా వెళ్ళి వచ్చేవాడు. భుజం మార్చేవాడు కాదు. పొలాలకి వెళ్ళే వేమూరు వైపు వాళ్ళు చూసి పిచ్చి పట్టిందనుకున్నారు. చూసినవాళ్ళలో ఎందుకో నాకొక్కడికే తెలుసు. పగలంతా కొట్లో పక్కన కూర్చుని అంచులు కుట్టే ఆ తల్లిని, పొద్దున్నే ఇసకసంచి చేసి మోస్తున్నాడు వీడు.

కూతురు పుట్టింది. ఫిర్దోస్ అని పేరు పెట్టారు. నాకు మిఠాయి తెచ్చి ఇచ్చినప్పుడు వాడి ముఖం చూశాను. పరుపు అమ్ముడుపోయినప్పుడు ఎలా ఉంటుందో అలాగే ఉంది. "సంతోషంగా లేదురా?" అని అడిగాను. "ఉండే ఉంటది బాబాయ్," అన్నాడు. అబద్ధం చెప్పే మనిషి కాదు.

గౌస్ బీకి షుగర్ ముదిరింది రెండు వేల ఆరులో. గుంటూరు తీసుకెళ్ళారు, మందులిచ్చారు. పాదాలు వాచాయి. నోరు మాత్రం తగ్గలేదు. మనిషి నెలనెలకీ తరిగిపోయింది. అరుగు మీద కూర్చుంటే పిల్లదాన్ని కూర్చోబెట్టినట్టుండేది. ఒకరోజు మధ్యాహ్నం కొట్టు మీద ఎవరూ లేని వేళ నన్ను పిలిచింది.

"లక్ష్మయ్యన్నా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పాల. వీడు ఎందుకు పరిగెడతన్నాడు?"

"ఆరోగ్యానికమ్మా."

"నీ మొహం. ఫర్హానా చెప్పిందిలే. నేను పోతే మొయ్యడానికంటగా?"

ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ మాట్లాడుతోంది.

"మంచి కొడుకే. కాదనను. పోయాక నన్ను ఎవరు మోస్తే నాకేం తెలుస్తదన్నా? బతికుండగా ఒకసారి రేపల్లె తీసుకెళ్ళమను. మా అఫ్జల్‌ని చూసి ఏడాది దాటింది. వాడికి ఉబ్బసం, రాలేడు. నాకు ఈ కాళ్ళు. స్టేషన్లో ఆ వంతెన మెట్లు ఎక్కలేను. నవాజ్ ఒక్కడు నన్ను ఎత్తుకుంటే రెండు నిమిషాల పని."

అఫ్జల్ ఆమె తమ్ముడు. రేపల్లెలో గాజుల కొట్టు. తల్లి చిన్నప్పుడే పోతే ఈమే వాణ్ణి పెంచింది.

"నేను తీసుకెళ్తా పదమ్మా. ఆటో మాట్లాడతా," అన్నాను.

"నీతో ఎందుకన్నా? ఇంతలావు కొడుకుని పెట్టుకుని పక్కింటాయనతో పుట్టింటికెళ్ళనా? వాడితోనే వెళ్తా. ఆ దర్జా వేరు," అంది, దారం పళ్ళతో కొరుకుతూ.

నవాజ్‌కి చెప్పాను. ఆమె కూడా అడిగిందట. "వచ్చే ఆదివారం," అన్నాడు. కొట్టుకి సెలవు ఆదివారమే. ఆ వచ్చే ఆదివారం యోబు మాస్టారు ఇసక మీద ఏదో కొత్తది చేయిస్తానన్నాడని బాపట్ల వెళ్ళాడు. తర్వాతి ఆదివారం వాన. ఆ పై ఆదివారం మళ్ళీ బాపట్ల. గట్టిగా చెప్పాను ఒకసారి. "బీచి ఎక్కడికీ పోదురా," అన్నాను. "ఒక్క వారం ఆపితే దమ్ము తగ్గుద్ది బాబాయ్. అమ్మ ఎక్కడికి పోద్ది?" అన్నాడు. అన్నాక తనే ఆ మాట విన్నాడనుకుంటా, కాసేపు నిలబడ్డాడు. కానీ ఆదివారం మళ్ళీ బాపట్ల బండే ఎక్కాడు. చెడ్డవాడై కాదు. వాడికి ఆ ఒక్క పనే కనిపించేది. ఆ పని ఎవరి కోసం మొదలుపెట్టాడో ఆ మనిషి కనిపించేది కాదు.

గౌస్ బీ మళ్ళీ అడగలేదు. ఒక చిన్న రజాయి కుట్టడం మొదలుపెట్టింది. చలికాలంలో ఉబ్బసం ఎక్కువవుతుంది, అఫ్జల్ కోసం అంది. మూడు వైపులా అంచు కుట్టింది. నాలుగో వైపు ఉండగా, శీతాకాలం మొదట్లో, ఒక శుక్రవారం తెల్లవారి లేవలేదు.

పొద్దున బండికి అఫ్జల్ దిగాడు. సన్నటి మనిషి, తలకి మఫ్లర్. వంతెన మెట్లు ఎక్కి దిగినందుకే స్టేషన్ బయట చాలాసేపు కూర్చున్నాడట. ఇంటికి వచ్చి అక్క ముఖం చూసి గోడకి ఆనుకున్నాడు. పిల్లికూతల్లాంటి శ్వాస మాత్రం గది అంతా వినబడింది.

జుమ్మా నమాజయ్యాక జనాజా లేచింది. శుక్రవారం కాబట్టి జనం బాగా ఉన్నారు. ఆమె రజాయిలు కప్పుకోని ఇల్లు ఆ వీధిలో లేదు మరి. నవాజ్ ముందు కుడి కొమ్ము పట్టాడు. అదే డోలా, అదే కొమ్ము. ఆడవాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయారు. చంకలో ఫిర్దోస్‌ని పెట్టుకుని ఫర్హానా చూస్తూ నిలబడింది.

నడక మొదలైంది. నేను సైకిలు నడిపించుకుంటూ పక్కనే ఉన్నాను. ఈసారి వాడి మెడలో నరం కూడా కదల్లేదు. అడుగు తడబడలేదు. నోరు మూసుకుని ముక్కుతో గాలి పీలుస్తున్నాడు. ఎవరో చెయ్యి చాపారు. తల అడ్డంగా ఊపాడు. ఇంకొకరు వచ్చారు. ఊపాడు. పెద్దాయన ఒకరు, "బేటా, అందరికీ హక్కుంటది. వదలాల," అన్నారు. వినలేదు. వీధి దాటింది, బజారు దాటింది, కాలవ గట్టు వచ్చింది. కనీసం చెమట కూడా పట్టలేదు. యోబు మాస్టారు చూసి ఉంటే మెచ్చుకునేవాడు.

వంతెన మొదట్లో అఫ్జల్ అడ్డొచ్చాడు. అంతదూరం ఎలా నడిచాడో, డోలాకి ముందుగా బయల్దేరి ఉంటాడు. గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. డోలా దగ్గరికి రాగానే పక్కన అడుగు కలిపాడు. మాట ముక్కలుగా వస్తోంది.

"ఒరే నవాజూ. నాకు ఒక్క నాలుగడుగులు."

"నువ్వు మొయ్యలేవు మామూ."

"మొయ్యలేనురా. తెలుసు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "మా అమ్మ పోయినప్పుడు నాకు నడక కూడా రాదు. రేపల్లెంతా నన్ను చంకనేసుకుని తిరిగిందిరా మా అక్క. కిందకి దించితే ఏడ్చేవాణ్ణంట. పోయిన నెల ఫోన్ చేసి, ఆదివారం వస్తన్నాం, నవాజ్ తీసుకొస్తన్నాడు అంది. ప్రతి ఆదివారం స్టేషన్‌కి వెళ్ళి కూర్చున్నాను."

డోలా నడుస్తూనే ఉంది. నవాజ్ ముందుకే చూస్తున్నాడు. వంతెన సగం ఎక్కారు. సరిగ్గా అక్కడే, మునుపు వాడు కూలబడిన గోడ దగ్గరే, కొమ్ము కిందనుంచి భుజం తప్పించాడు. రెండు చేతులతో పైపు ఎత్తి పట్టి, మామ భుజం మీద పెట్టాడు. అఫ్జల్ వంగిపోయాడు. నవాజ్ వెనక నిలబడి పైపు కింద అరచెయ్యి పెట్టాడు. బరువు ఎవరి మీద ఉందో చూసేవాళ్ళకి తెలియదు. అఫ్జల్ ఏడుస్తూ నాలుగడుగులు వేశాడు, ఇంకో నాలుగు వేశాడు. తర్వాత వేరేవాళ్ళు అందుకున్నారు. ఆ తర్వాత ఇంకొకరు. నా సైకిలు స్టాండు వేసి నేను కూడా ఒక చెయ్యి వేశాను. నవాజ్ తిరిగి కొమ్ము అడగలేదు. ఖాళీ భుజంతో పక్కన నడిచాడు.

కబరస్తాన్‌లో మాత్రం వాడే లోపలికి దిగాడు. పైనుంచి తల్లిని అందిస్తే తలవైపు పట్టుకుని దించాడు. చంటిపిల్లని పడుకోబెట్టడానికి కూడా అంతకన్నా ఎక్కువ బలం కావాలి. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. వాడు ఏడుస్తాడేమోనని చూశాను. ఏడవలేదు. చేతికి అంటిన మట్టి దులుపుకుని పైకి వచ్చాడు.

అందరూ వెళ్ళిపోయాక అఫ్జల్‌ని ఆటో ఎక్కించి పంపాం. మేమిద్దరం గేటు దగ్గర మిగిలాం.

"బరువే లేదు బాబాయ్," అన్నాడు నవాజ్. "నలుగురూ వదిలేసినా నేనొక్కణ్ణే తెచ్చేవాణ్ణి. నాకు ఆయాసం కూడా రాలేదు."

"ఎక్కరా," అని సైకిలు చూపించాను. వాడు ఇంటిదాకా పరిగెత్తగలడు, నన్నూ సైకిల్నీ కలిపి మోసుకుపోగలడు. అయినా ఎక్కి కూర్చున్నాడు. టైర్లు మునుపట్లాగే అణిగిపోయాయి. వంతెన ఎక్కేటప్పటికి నా గుండెలు ఎగిరిపడుతున్నాయి. వయసు మీద పడింది నాకు. దిగుతాడేమో అనుకున్నాను. దిగలేదు.

వంతెన మీద, వెనకనుంచి అన్నాడు. "ప్రతి ఆదివారం చూసేవాణ్ణి బాబాయ్. నేనెక్కే బండికి పక్క ప్లాట్‌ఫాం మీదే ఉండేది రేపల్లె బండి."

వంతెన దిగేదాకా తొక్కుతూనే ఉన్నాను.